ఇరవై క్వింటాళ్ల కంది, ఒక ఏడాది చదువు

కాగితం, పెన్ను అందుబాటులో ఉంటే దగ్గర పెట్టుకోండి. నాలుగు లెక్కలు రాసుకోవాల్సి వస్తుంది.

2025-26 పంటకాలానికి కేంద్ర ప్రభుత్వం కందులకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. తెలంగాణలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఫీజు 2022 అక్టోబరులో వచ్చిన జీవో ప్రకారం ఏడాదికి కనీసం 45,000, గరిష్ఠంగా 1,60,000. కోస్గి చుట్టుపక్కల కంది వేసే రైతు ఈ అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే సంగతి వెంటనే తెలిసిపోతుంది. తక్కువ ఫీజు కాలేజీకి ఐదున్నర క్వింటాళ్ల పైచిలుకు, ఎక్కువ ఫీజు కాలేజీకి ఇరవై క్వింటాళ్లు. వానకు పండే చేలో ఎకరాకు నాలుగు క్వింటాళ్లు వస్తే ఆ ఏడు బాగా పండినట్టే. అంటే ఎక్కువ ఫీజు కాలేజీలో బిడ్డ ఒక్క ఏడాది ఫీజుకు ఐదెకరాల పంట మొత్తం పోవాలి. అదీ విత్తనం, మందు, కూలి ఖర్చులు తీయకముందు మాట.

కోస్గి పాత మహబూబ్‌నగర్, అంటే పాలమూరు, జిల్లాలోది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడ్డప్పుడు అందులో కలిసింది. కరువు పట్టినప్పుడల్లా ముంబయి, పుణె బస్సెక్కి కూలికి పోయిన పల్లెలు దీని చుట్టూ ఉన్నాయి. దేశంలో ప్రాజెక్టులు ఎక్కడ కట్టినా పాలమూరు కూలీల చెమట కనిపిస్తుందని పెద్దలు చెప్పేది ఈ ప్రాంతం గురించే. ఆ ఇళ్లలో పిల్లలు ఇప్పుడు ఇంటర్ దాటి ఎంసెట్ రాస్తున్నారు. 2024 నుంచి తెలంగాణలో దాని పేరు ఈఏపీసెట్. ర్యాంకు వచ్చిన రోజు ఇంట్లో ఎంత సంబురమో, ఫీజు కాగితం చేతికి వచ్చిన రోజు అంత దిగులు. ఆ దిగులులో సగం ఆ కాగితంలో ఏమేం ఉన్నాయో, ఏమేం లేవో ముందే తెలియకపోవడం వల్ల వచ్చేది.

ముందు ఫీజు ఎవరు పెడతారన్న సంగతి చూద్దాం. కాలేజీ యజమాని తనకు తోచినంత పెట్టుకోవచ్చనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. డొనేషన్ పేరుతో సీటు అమ్మడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం చేసి నిషేధించారు. ఆ తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1993లో వచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పులో ప్రతివాది మన ఉమ్మడి రాష్ట్రమే. ఆ తీర్పు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం ఉచిత సీట్లు, సగం డబ్బు కట్టే సీట్లు అని విడదీసింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీల ధర్మాసనం ఆ ఏర్పాటును పక్కన పెట్టి, ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ కాలేజీలకు ఉందంటూనే లాభాపేక్షకు, క్యాపిటేషన్‌కు అడ్డుకట్ట వేసింది. 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో, ప్రతి రాష్ట్రంలో రిటైర్డ్ హైకోర్టు జడ్జి ఆధ్వర్యంలో ఫీజుల కమిటీ ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో అడ్మిషన్లు, ఫీజుల నియంత్రణ కమిటీ పుట్టుక అక్కడిదే. కాలేజీలు తమ జమాఖర్చులు ఆడిట్ చేయించి దాని ముందు పెడతాయి. కమిటీ వాటిని చూసి మూడేళ్ల కాలానికి ఫీజు ఖరారు చేస్తుంది. 2022 నుంచి 2025 దాకా నడిచింది అలాంటి ఒక మూడేళ్ల కాలమే. 2025-26కు కొత్త ఫీజుల మీద వాదోపవాదాలు తేలక, పాత ఫీజులనే కొనసాగించారు.

ఈ నియంత్రణ కాగితం మీద మాటేనని కొట్టిపారేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రైవేటు ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచుతూ జీవో వచ్చింది. అంతకుముందున్న ఫీజుకు అది ఏడింతలు. విద్యార్థులు కోర్టుకు వెళ్లారు. హైకోర్టు జీవోను కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసి, చదువు లాభాలకు చేసే వ్యాపారం కాదనీ, ఫీజు జనానికి అందుబాటులో ఉండాలనీ తేల్చి చెప్పింది. అధికంగా వసూలు చేసింది తిరిగి ఇవ్వాల్సిందేనంది.

ఇక కోస్గి ఇళ్లలో అందరి నోటా నానే మాట రీయింబర్స్‌మెంట్, అంటే పిల్లల ఫీజు సర్కారు కట్టడం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ పథకం లేకపోతే, పాలమూరు పల్లెల నుంచి ఇంత మంది ఇంజినీర్లు వచ్చి ఉండేవారు కాదు. ఇందులో సందేహం లేదు. అయితే అది ఎలా నడుస్తుందో వివరంగా తెలిసినవాళ్లు తక్కువ.

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో పని లేకుండా మొత్తం ట్యూషన్ ఫీజు వస్తుంది. బీసీలకు, ఓసీల్లో పేదలైన ఈబీసీలకు 10,000 లోపు ర్యాంకు అయితే మొత్తం, ఆ పైన అయితే 35,000. ఈ 35,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఒకప్పుడు కాలేజీల కనీస ఫీజు అదే. కనీస ఫీజు కాలేజీలో చేరిన పిల్లవాడికి చేతి నుంచి పైసా పడేది కాదు. 2022లో కనీస ఫీజు 45,000 అయింది, 35,000 మాత్రం అక్కడే ఉండిపోయింది. అంటే పన్నెండు వేల ర్యాంకు వచ్చిన బీసీ పిల్ల అన్నిటికన్నా తక్కువ ఫీజు ఉన్న కాలేజీలో చేరినా ఏడాదికి 10,000 సొంతంగా కట్టాలి. అదే పిల్ల లక్ష రూపాయల ఫీజున్న కాలేజీని వెబ్ ఆప్షన్లలో మొదట పెడితే, ఏడాదికి 65,000, నాలుగేళ్లకు 2,60,000. 2022 జీవోతో దాదాపు నలభై కాలేజీల ఫీజు లక్ష దాటింది. ఫీజు పెరిగిన ప్రతిసారీ రీయింబర్స్‌మెంట్ మొత్తాన్ని కూడా సవరించే నియమం ఒకటి ఉండి తీరాలి. అది లేనంతకాలం ఫీజు పెంపు భారమంతా ఈ మధ్య ర్యాంకుల పిల్లల నెత్తినే పడుతుంది.

ఆదాయ పరిమితి సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. బీసీ, ఈబీసీ కుటుంబాలకు పల్లెల్లో ఏడాదికి లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ నెలకు 25 రోజుల చొప్పున ఏడాది పొడుగునా ఆ కూలికే పనిచేస్తే 1,84,200 అవుతుంది. అంటే సర్కారు కట్టిన కూలి రేటుతో, సర్కారు పల్లె బీసీలకు గీసిన పేదరికపు గీత దాటిపోయినట్టు. అంత పని ఎవరికీ దొరకదు కాబట్టి, ఆదాయ ధ్రువపత్రం మీద అంకె కింద ఉండిపోతోంది కాబట్టి, పథకం నడుస్తోంది. ధరలు ఇంత మారిన తర్వాత కూడా ఆ పరిమితిని అలాగే ఉంచడం అన్యాయం.

ఇంకో ముఖ్య విషయం. ఈ సాయం కన్వీనర్ కోటాలో చేరినవారికే. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కౌన్సెలింగ్‌లో నచ్చిన బ్రాంచి రాలేదని మేనేజ్‌మెంట్ సీటు తీసుకున్నా, చివర్లో స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రీయింబర్స్‌మెంట్ ఆశ వదులుకోవాల్సిందే. ఈ ఒక్క ముక్క తెలియక పొలం అమ్ముకున్న ఇళ్లున్నాయి.

సీటు వచ్చాక ఈపాస్ సైట్లో దరఖాస్తు పెట్టుకోవాలి. మీసేవలో తీసిన ఆదాయం, కులం సర్టిఫికెట్లు, ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్ జత చేయాలి. వేలిముద్ర ధ్రువీకరణ చేయించాలి. హాజరు 75 శాతం ఉండాలి. ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాలో పడుతుంది, ఉండటానికీ తినటానికీ ఇచ్చే మెయింటెనెన్స్ సొమ్ము విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఇవన్నీ సక్రమంగా చేసినా పైసలు సమయానికి వస్తాయన్న భరోసా లేదు. బకాయిలు పేరుకుపోయాయని 2025 సెప్టెంబరులో, మళ్లీ నవంబరులో రాష్ట్రమంతా ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. మంత్రులతో చర్చలు జరిగి కొంత సొమ్ము విడుదల చేస్తామన్న హామీ వచ్చాకే అవి తెరుచుకున్నాయి. సర్కారుకూ కాలేజీకీ మధ్య ఉన్న ఈ బాకీకి జామీను ఎవరు? నాలుగో ఏడు పూర్తి చేసి ఉద్యోగంలో చేరాల్సిన పిల్లవాడి సర్టిఫికెట్లు. రీయింబర్స్‌మెంట్ రాలేదు, ముందు నువ్వు కట్టు, వచ్చాక తిరిగిస్తాం అనే మాట వినని ఇల్లు అరుదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకునే హక్కు కాలేజీకి లేదని యూజీసీ 2018లోనే ఆదేశాలిచ్చింది. కన్వీనర్ కోటా సీట్లో చేరిన బిడ్డ మీద సర్కారు బాకీ రుద్దడం ఎంతమాత్రం న్యాయం కాదు. ఆ బాకీని తీర్చాల్సిన తేదీ సర్కారుకు కూడా చట్టంలోనే ఉండాలి.

ఇంతవరకు చెప్పుకున్నది ట్యూషన్ ఫీజు ఒక్కదాని గురించే. కాలేజీ ఆఫీసులో కిటికీ దగ్గర ఇచ్చే కాగితం మీద దాని కింద ఇంకా వరసలుంటాయి. స్పెషల్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు, అక్రెడిటేషన్ ఉన్న కాలేజీ అయితే దానికి వేరే ఫీజు, పరీక్ష ఫీజు, లైబ్రరీ డిపాజిట్, మూడో ఏడుకు వచ్చేసరికి ప్లేస్‌మెంట్ ట్రైనింగ్. వీటిలో చాలావాటికి రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఆ కాగితం మీద అసలే లేనివి మరికొన్ని: కాలేజీ బస్సు, హాస్టల్, ల్యాప్‌టాప్, రికార్డులు, ల్యాబ్ కోటు, పండక్కి ఇంటికొచ్చే చార్జీలు.

పట్నంలో ప్రైవేటు హాస్టల్లో మంచం దొరకాలంటే అమీర్‌పేటలోనైనా దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా నెలకు ఆరేడు వేలు తప్పదు. నెలకు ఏడు వేలు, పది నెలలు అనుకుంటే ఏడాదికి 70,000. కనీస ఫీజు 45,000 అని చెప్పుకున్నాం. ఉండటానికీ తినటానికీ అయ్యేది చదువు చెప్పినందుకు కట్టే దానికన్నా ఎక్కువ. కోస్గి పిల్లవాడికి అన్నిటికన్నా ఖరీదైనది కోస్గికీ కాలేజీకీ మధ్య దూరమే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. అదే ఏడు హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలైంది. దాని వెనక నిలబడ్డది, తర్వాత నగర కొత్వాల్ అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. ఆయన పాలమూరు బిడ్డ. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిదీ పాలమూరు జిల్లానే, ఆయన ఆ హాస్టల్ బాధ్యతలు ఏళ్ల తరబడి చూశారు. యూనివర్సిటీ ఉన్నంత మాత్రాన పల్లెటూరి పిల్లలు చదవలేరనీ, పట్నంలో తలదాచుకునే చోటు, రెండు పూటలా తిండి ఉంటేనే చదువు సాగుతుందనీ వాళ్లకు బాగా తెలుసు. దళిత విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లో మొదలయ్యాయి. చదువు కాలంలో పొట్ట గడవడం కూడా చదువు ఖర్చేనని ఒప్పుకున్న పథకం అది.

నేటి సంక్షేమ హాస్టళ్లలో 2024 నవంబరులో డైట్ చార్జీలు 40 శాతం పెరిగాయి. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు. మూడు పూటల తిండికి అది చాలదు, కానీ పట్నంలో ఏడు వేలు కట్టే స్తోమత లేని ఇంటికి ఆ హాస్టల్ సీటే పెద్ద స్కాలర్‌షిప్. సీటు అలాట్‌మెంట్ వచ్చిన రోజే హాస్టల్‌కు కూడా అర్జీ పెట్టుకోవాలి. ఆలస్యమైతే మంచాలు నిండిపోతాయి.

ఆడపిల్లల విషయంలో 2023 డిసెంబరు 9 నుంచి లెక్క కొంచెం మారింది. మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్ లేదు. ఇంటి నుంచి పోయి వచ్చే దూరంలో కాలేజీ ఉంటే ప్రయాణం ఖర్చు సున్నా. పెళ్లి మాటలు మొదలుపెట్టే ఇళ్లలో ఇంకో మూడేళ్లు చదివిద్దాం అనిపించడానికి ఈ సున్నా చాలా బలమైన కారణం. కోస్గి నుంచి మహబూబ్‌నగర్‌కు, తాండూరుకు, పరిగికి పొద్దున బస్సులు క్లాసుల టైముకు అందేలా వేస్తే ఆ బలం ఇంకా పెరుగుతుంది.

ఫీజు కట్టలేనప్పుడు మిగిలింది అప్పు. ఊళ్లో మాట్లాడేది మిత్తి. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. బ్యాంకు విద్యారుణం పది శాతం వడ్డీకి వచ్చిందనుకుంటే, ఊరి లెక్కలో నూటికి నెలకు 83 పైసలు. రూపాయి మిత్తికన్నా తక్కువ. అయినా ఊళ్లో షావుకారు దగ్గరికే ఎక్కువమంది వెళతారు, ఎందుకంటే అక్కడ సాయంత్రానికి పైసలు చేతికొస్తాయి, బ్యాంకులో నెలలు పడుతుంది. అందుకే ర్యాంకు రాకముందే, పరీక్షలు అవగానే బ్యాంకులో మాట్లాడి పెట్టుకోవడం మంచిది. సాధారణంగా నాలుగు లక్షల దాకా తాకట్టు అడగకూడదు. కోర్సు కాలం, ఆ పైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు.

వాయిదాలు లేవు కదా అని వడ్డీ లేదనుకోకూడదు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకుని, పది శాతం మామూలు వడ్డీ వేసి చూడండి. మొదటి లక్ష మీద ఐదేళ్లకు 50,000, రెండోదాని మీద 40,000, తర్వాత 30,000, చివరిదాని మీద 20,000. మొదటి వాయిదా కట్టే రోజుకు నాలుగు లక్షల అప్పు ఐదు లక్షల 40 వేలై కూర్చుంటుంది. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి, గుర్తింపు ఉన్న కాలేజీల్లో ప్రొఫెషనల్, టెక్నికల్ కోర్సుల వారికి ఈ వాయిదాలు లేని కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. బ్యాంకులో దాని గురించి మనమే అడగాలి. అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి మంచిదే, తాకట్టు అక్కర్లేదు. కాకపోతే అది జాతీయ ర్యాంకుల్లో ముందున్న కొన్ని వందల సంస్థలకే పరిమితం. పాలమూరు పిల్లలు ఎక్కువగా చేరే కాలేజీలు చాలావరకు ఆ జాబితాలో ఉండవు.

సొమ్ము ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నది ఎంత కీలకమో 2024లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక రోజుకూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టాల్సింది 17,500 రూపాయలు. ఊరంతా తలా కొంత వేసుకుని పోగుచేసేసరికి గడువు ముగిసింది, సీటు పోయింది. సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారాన్ని వాడి ఆ సీటు ఇప్పించింది. నిజానికి ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజే లేదు. ఏ కులంవారికైనా ఇంటి ఆదాయం లక్ష లోపైతే పూర్తిగా, ఐదు లక్షల లోపైతే మూడింట రెండు వంతులు మాఫీ. ఇంత సాయం లోపల ఉండి కూడా, తలుపు దగ్గర 17,500 అడ్డం పడింది. ఇంటర్ రెండో ఏడులోనే మొదట కట్టాల్సిన సొమ్మును పక్కన తీసి పెట్టుకోవాల్సింది ఇందుకే.

మొత్తం ఖర్చు ముందే తెలిపే పద్ధతి వేరే చోట ఉంది. అమెరికా వెళ్లే పిల్లల తల్లిదండ్రులకు ఐ-20 అనే కాగితం పరిచయమే. అందులో ట్యూషన్, ఇల్లు, తిండి, ఆరోగ్య బీమా, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాది అంచనా ఒక్కచోట రాసి ఉంటుంది. ఆ దేశంలో 2008లో చేసిన చట్టం ప్రకారం, ఆర్థిక సహాయం పోగా చేతి నుంచి పడేది ఎంతో విద్యార్థే లెక్క వేసుకునే సాధనాన్ని 2011 అక్టోబరు నుంచి కాలేజీలు తమ సైట్లలో పెట్టాల్సి వచ్చింది. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం మన కాలేజీలు కూడా ఫీజు వివరాలు బయటపెట్టాలి. కానీ నాలుగేళ్ల మొత్తం ఖర్చు, హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులతో సహా, తెలుగులో, ఒక్క పేజీలో ఇచ్చే ఏర్పాటు మన దగ్గర లేదు. వెబ్ ఆప్షన్లు పెట్టే తెరమీదే కాలేజీ పేరు పక్కన ఆ అంకె కనిపించాలి. ఫీజుల కమిటీ తలచుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు.

ఇప్పుడు కోస్గి సంగతి. ఇక్కడి ప్రభుత్వ పాలిటెక్నిక్‌ను 2024-25లో ఇంజినీరింగ్ కాలేజీ స్థాయికి పెంచారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధంగా కంప్యూటర్ సైన్స్, దానికి దగ్గరి బ్రాంచీలతో బీటెక్ మొదలైంది. పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు ఎన్నో ఏళ్లు 3,800 రూపాయలే. అలాంటి ప్రాంగణంలోకి బీటెక్ రావడం పాలమూరు పడమటి పల్లెలకు చిన్న విషయం కాదు. గుండుమాల్ నుంచో కొడంగల్ నుంచో వచ్చే అమ్మాయి పొద్దున బస్సెక్కి, సాయంత్రం ఇంటికి వెళ్లి, ఇంట్లో అన్నం తిని చదువుకోవచ్చు. ముందు వేసుకున్న 70,000 హాస్టల్ లెక్క ఆమె కాగితం మీద ఉండదు.

ఆ కాలేజీకి కావలసినవి ఇంకా ఉన్నాయి. అన్ని బ్రాంచీలూ కంప్యూటర్ల చుట్టూనే కాకుండా సివిల్, ఎలక్ట్రికల్ కూడా రావాలి. నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల పథకం పనులు మొదలైన ప్రాంతమిది, నీళ్ల ఇంజినీర్లను ఇక్కడే తయారు చేసుకోవచ్చు. పర్మినెంట్ లెక్చరర్లు కావాలి, ల్యాబులు కావాలి, దూరం నుంచి వచ్చే ఆడపిల్లలకు హాస్టల్ కావాలి. 2024లో చేరిన మొదటి బ్యాచ్ 2028లో బయటికి వస్తుంది. ఆ పిల్లల ఇళ్లలో నాలుగేళ్లకు మొత్తం ఎంత ఖర్చయింది, అదే ర్యాంకుతో పట్నం వెళ్లిన పిల్లలకు ఎంతయింది, సాంకేతిక విద్యాశాఖ రెండు లెక్కలూ తీసి ప్రచురించాలి. తర్వాతి కాలేజీ మక్తల్‌లో పెట్టాలా, అచ్చంపేటలో పెట్టాలా అన్న చర్చ ఆ అంకెలు ముందు పెట్టుకుని చేయొచ్చు.